అక్షరానికి అధికారి అనుమతి ఎందుకు?



కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేరు స్థాపించబోతే, అడ్మినిస్ట్రేటరు సంకేతపదం తెమ్మని ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డగించడం మనందరికీ అనుభవమే. ఆ అడ్డగింత ఆసాంతం తప్పనేవారున్నారు, ఆసాంతం ఒప్పనేవారూ ఉన్నారు. ఇరువురూ తొందరపడుతున్నారని నా అభిప్రాయం. యంత్రానికంతటికీ సంబంధించిన మార్పుకు అనుమతి అడగడం న్యాయమే. మనిషి తన భాషను తాను చదువుకోవడానికీ వ్రాసుకోవడానికీ అనుమతి అడగడం మాత్రం అన్యాయం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడాన్నే నేను ఖండిస్తున్నాను.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీని తలచుకోండి. దానితోపాటు గౌతమి ఖతి వచ్చిందన్న మాటే గాని, గుణింతాలూ ఒత్తులూ సరిగా కూడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ‘రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్’ తెరచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అడిగితే విండోస్ సీడీ చూపించి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చేది. ఇదంతా అడ్మినిస్ట్రేటరు ఖాతా గలవాడికే సాధ్యం. ఇంట్లో సొంత కంప్యూటరున్నవాడికి అది కాసేపటి పని. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో గంటకింత అని చెల్లించి నెట్ సెంటరులో కూర్చున్న కుర్రవాడి మాటేమిటి? సంకేతపదం యజమానిది. సీడీ ఎక్కడుందో దేవుడికెరుక. ఆంగ్లం ఎవరి అనుమతీ లేకుండా తెరమీద వెలిగేది. తెలుగు డబ్బాలుగా కనిపించేది. వీవెన్ గారి లేఖిని మనకంత ఆప్తం కావడానికి కారణమూ ఇదే: వ్రాయడానికి ఏదీ స్థాపించనక్కరలేదు, జాలపుట తెరిస్తే చాలు.

మా సీమకు అనుమతుల సంగతి కొత్త కాదు. నిజాం ఏలుబడిలో సభ జరపాలన్నా, ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావలసి ఉండేది. గద్వాల ప్రాంతంవారైన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పింది అట్టి కాలంలోనే. యంత్రకర్తలకు ఆనాటి పాలకుల ఉద్దేశాలున్నాయని నేననను. కాని అనుమతి ఎవరి చేతిలో ఉన్నదో వారికి మన అక్షరం గుర్తుండదన్న అనుభవం మాత్రం మాకు పాతదే.

‘అందరికీ అధికారమిస్తే సరి’ అనేవారికి ఆ ఎక్స్‌పీయే సమాధానం. ఇళ్ళలో స్థాపించినపుడు ఏర్పడే ఖాతాలన్నీ అధికారి ఖాతాలే అయ్యేవి. వైరసు ఏ ఖాతాలో అడుగుపెడితే ఆ ఖాతా అధికారమంతా దానిదే. 2009 నవంబరులో వచ్చిన ఫెడోరా 12, సంతకమున్న సాఫ్ట్‌వేరును యంత్రం ముందు కూర్చున్న ఏ వాడుకరైనా సంకేతపదం లేకుండా స్థాపించుకోవచ్చన్నది. గగ్గోలు పుట్టి కొద్దిరోజులకే ఆ పద్ధతిని వెనక్కు తీసుకున్నది.

‘అన్నిటికీ అడిగితే సరి’ అనేవారికి 2007 నాటి విస్టా సమాధానం. అది అయినదానికీ కానిదానికీ అడిగి, చదవకుండానే ‘సరే’ నొక్కడం జనానికి నేర్పింది. తలూపించడం అనుమతి కాదు. 2012 ఫిబ్రవరిలో లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు ఓపెన్‌సూసే మీద మండిపడ్డాడు. కారణం, ఆయన కుమార్తె బడిలో ప్రింటరు చేర్చుకోవడానికి అడ్మినిస్ట్రేటరు సంకేతపదం కావలసివచ్చింది!

వ్యాకరణం చదివినవారికి ఇందులో చిక్కేమీ లేదు. ఉకారసంధి నిత్యం, ఏమ్యాదుల ఇకారానికి సంధి వైకల్పికం, కొన్ని చోట్ల సంధే లేదు. ఏ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందో చెప్పనివాడు లక్షణకర్త కాడు. అనుమతికీ అలాగే పరిధి ఉండాలి. ఇతరుల ఖాతాలను తాకేదానికి నిత్యం, నా ఖాతాలోనే ఉండిపోయేదానికి నిషేధం.

ఇది అసాధ్యమేమీ కాదు. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఖతులను తన సొంత సంచయంలో వేసుకొనే వెసులుబాటు ఎన్నాళ్ళనుంచో ఉంది. విండోస్ 10కు ఆ బుద్ధి 2018లో కలిగింది. అయినా అనూలో ఏళ్ళ తరబడి టైపుచేసిన చేయి, తనకు అలవాటైన మీటల అమరికను యూనికోడుకు మలచుకొని విండోస్‌లో స్థాపించబోతే, నేటికీ సంకేతపదం కావాలి. పైగా ఆ ప్రశ్న తీరు చూడండి: ‘ఈ ప్రోగ్రాము మీ యంత్రంలో మార్పులు చేయవచ్చునా?’ ఏ మార్పులో చెప్పదు! ఏమి చేయబోతున్నదో చెప్పకుండా ఒప్పుకోలు అడిగే పత్రం మీద మన పల్లెలో ఎవరైనా వేలిముద్ర వేస్తారా?

కనుక నా కోరికలు మూడు. ఖతులూ మీటల అమరికలూ వాడుకరి సొంత ఖాతాలో సంకేతపదం లేకుండా కుదురుకోవాలి. అడిగే చోట, మారబోయేదేమిటో తెలుగులో చెప్పి అడగాలి. బడులలో, గ్రంథాలయాలలో సంకేతపదం చేతబట్టుకున్న పెద్దలు యంత్రాన్ని పిల్లల ముందు పెట్టకముందే తెలుగును సిద్ధం చేయాలి. మూడవదానికి ఏ కంపెనీ దయా అక్కరలేదు. మనలో ఎవరి చేతిలో సంకేతపదముంటే వారు రేపే చేయవచ్చు.

కాదనేవారు కారణం చూపండి, వాదిద్దాం. స్వస్తి.