మూకీ తెరకు భాష లేదు, కులం ఉంది

మూకీల కాలంలో మన తెలుగు హీరో ఎవరని మా సోంపేట పిల్లల్ని అడిగాను. ఎవరూ చెప్పలేదు. పైడి జైరాజ్ అంటే, 'హిందీ పేరులా ఉంది సార్' అన్నారు.

హిందీవాళ్లూ ఆయన్ని తమవాడే అనుకున్నారు మరి. 1909లో కరీంనగర్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, బొంబాయి చేరిన మనిషి. 1929లో 'జగ్‌మగ్తీ జవానీ'తో తెరకెక్కాడు. ఆ తర్వాత 'రసీలీ రాణి'లో హీరో. 1931లో టాకీ వచ్చాక చాలామంది మూకీ నటులు చెల్లాచెదురైపోయారు. ఈయన నిలబడ్డాడు. హైదరాబాద్‌లో చదివినవాడికి ఉర్దూ కొత్తేం కాదు కదా! టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్ వేషాలు వేశాడు. 1980కి ఫాల్కే అవార్డు. 2000లో చనిపోయేనాటికి సినిమాకి వచ్చి డెబ్భై ఏళ్లు.

మూకీకి భాష అడ్డు లేదు కాబట్టి తెలుగు కుర్రాడు బొంబాయిలో హీరో కాగలిగాడంటారు. నిజమే. అయితే ఆ మాట అక్కడితో ఆపేస్తేనే నాకు పేచీ. మాట తీసేస్తే తెరమీద మిగిలేది మనిషి. ఆ మనిషి ఎవరి బిడ్డ అన్నది హాల్లో కూర్చున్నవాళ్లు మర్చిపోతారా?

జైరాజ్ హీరోగా ఎదుగుతున్న ఆ రోజుల్లోనే తిరువనంతపురంలో జె.సి. డేనియల్ 'విగతకుమారన్' తీశాడు. మలయాళంలో అదే తొలి సినిమా. హీరోయిన్ పి.కె. రోజీ. పులయ కులం పిల్ల. వేసింది నాయర్ స్త్రీ వేషం. తొలి ఆటకి ఆమెను లోపలికి రానివ్వలేదు. హీరో ఆమె జడలో పువ్వును ముద్దు పెట్టుకునే సీను రాగానే తెరమీద రాళ్లు పడ్డాయి. తర్వాత ఇంటికి నిప్పు పెట్టారు. రోజీ తమిళదేశం పారిపోయి, రాజమ్మాళ్ అనే పేరుతో బతికి, ఆ పేరుతోనే పోయింది. ఆమె కెరీర్ మొత్తం ఆ ఒక్క సినిమా.

యాస బాగోలేదనడానికి కూడా వీల్లేదు, గమనించండి. ఆమె తెరమీద ఒక్క మాటా పలకలేదు. మన సిక్కోలు యాసను కామెడీకి రాసిచ్చేసిన సినిమావాళ్లు మనవాళ్లకి అవకాశం ఇవ్వకపోవడానికి 'డిక్షన్' అని సాకు చెప్పినప్పుడల్లా నాకు రోజీ గుర్తొస్తుంది.

ఇందులో జైరాజ్ తప్పేమీ లేదు. ఆయన కష్టం ఆయనది. సినిమా చరిత్ర రాసేవాళ్లతోనే నా తగువు. డేనియల్ కూడా పేదరికంలోనే పోయాడు, అయినా 1992 నుంచి కేరళ ప్రభుత్వం ఆయన పేరిట అవార్డు ఇస్తోంది. రోజీ బొమ్మ గూగుల్ మొదటి పేజీకెక్కడానికి 2023 రావాల్సి వచ్చింది. ఆమె పేరు అంతకుముందే బతికి ఉందంటే, దళిత కార్యకర్తలు, పరిశోధకులు వెతికి పట్టుకోబట్టే.

2020లో 'పలాస 1978' వచ్చినప్పుడు మన పిల్లలు ఈలలు వేశారు. మన జానపద కళాకారుల కథ, మన పక్క ఊరు. నేనూ సంతోషించాను. కానీ సోంపేటలో షార్ట్ ఫిలిం తీసే కుర్రాళ్లు ఈరోజుకీ హీరోయిన్ కోసం విశాఖపట్నం ఫోన్ చేస్తున్నారు. పక్కవీధి పిల్లను అడగరు. ఎందుకు అడగరో వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

'రోజీ సినిమా చూపిస్తారా సార్' అందొక అమ్మాయి. ప్రింటు మిగల్లేదమ్మా అన్నాను.

వచ్చే భాగంలో 1938 నాటి 'మాలపిల్ల' గురించి.