జనగణన లేని దేశంలో జ్ఞానస్నానాల లెక్క

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో ప్రజలను చివరిసారిగా లెక్కించినది 1984లో. అప్పుడు ఆ దేశం పేరు జైర్, పాలకుడు మొబుటు, జనాభా సుమారు 3 కోట్లు. ఆ తరువాత దేశం పేరు మారినది, ప్రభుత్వాలు మారినవి, రెండు పెద్ద యుద్ధాలు వచ్చిపోయినవి. జనగణన మాత్రం మళ్ళీ జరగలేదు. ఇప్పుడు అక్కడి జనాభా 10 కోట్లు దాటినదని అందరూ అంటారు కాని, అది లెక్క కాదు, అంచనా. భారతదేశంలో 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందుకే ఎంతో చర్చ జరిగినది. నాలుగు దశాబ్దాలకు పైగా లెక్కే లేని దేశంలో ఏ ఊరికి ఎన్ని బడులు కావాలో, ఎన్ని టీకాలు పంపాలో నిర్ణయించేవారి అవస్థ ఊహించవచ్చును.

అటువంటి దేశం నుండి ఒక లెక్క మాత్రం ఏటేటా వెలువడుతూనే ఉన్నది. అది కతోలిక చర్చి లెక్క. వాటికన్ 2025లో ప్రకటించిన వివరాల ప్రకారం, 2023 నాటికి కాంగోలో జ్ఞానస్నానం పొందిన కతోలికులు దాదాపు 5 కోట్ల 50 లక్షల మంది. ఆఫ్రికాలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. రెండవ స్థానంలో ఉన్న నైజీరియాలో 3 కోట్ల 50 లక్షలు. వాటికన్ నగరం చుట్టూ ఉన్న ఇటలీలోని కతోలికుల సంఖ్యకు కాంగో ఇంచుమించు సమానంగా వచ్చినది.

ఈ అంకెకు మూలం ఒక పుస్తకం. ఒక గురువు ఆధీనంలో ఉండే చర్చి పరిధిని కతోలికులు విచారణ అంటారు. ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాల పుస్తకం ఉండి తీరవలెనని చర్చి చట్టం. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, స్థలం, జ్ఞానస్నానం ఇచ్చిన గురువు పేరు అన్నీ అందులోకి ఎక్కవలెను. తరువాత పెళ్ళయితే ఆ సంగతినీ అదే పుట మీద వ్రాయవలెను. ఐదేళ్ళలోపు పిల్లలలో సగానికి పైగా జననాలు ప్రభుత్వ పుస్తకాలకు ఎక్కని దేశంలో ఇటువంటి పుస్తకానికి గల విలువ మతానికి మాత్రమే పరిమితం కాదు.

ఈ విలువను మొబుటు కూడా గుర్తించాడనవలెను. స్వదేశీ సంస్కృతి పేరిట ఆయన 1972లో క్రైస్తవ నామాలను నిషేధించాడు. బిడ్డకు అటువంటి పేరు పెట్టి జ్ఞానస్నానం ఇచ్చిన గురువుకు ఐదేళ్ళ జైలు తప్పదని హెచ్చరించాడు. జోసెఫ్ దెజిరే అనే తన పేరును తానే వదులుకున్నాడు. ఎదిరించిన కిన్‌షాసా కార్డినల్ మలులా కొన్ని నెలలు రోములో ప్రవాసం గడపవలసి వచ్చినది. 1974లో చర్చి బడులను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. నడపలేక 1977లో నిర్వహణను తిరిగి చర్చిలకే అప్పగించినది.

బడులే ఆ సంఖ్యకు అసలు పునాది. కొంగో రాజు 1491లోనే జ్ఞానస్నానం పొందినమాట నిజమే గాని, నేటి సంఖ్య అక్కడి నుండి వచ్చినది కాదు. 1906లో లియోపోల్డు రాజు వాటికన్‌తో ఒప్పందం చేసుకొని మిషనులకు భూములిచ్చినాడు. తరువాతి బెల్జియం పాలనలో చదువంటే మిషను చదువే. మొదటి కాంగో గురువు స్తెఫానో కవోజె 1917లో అభిషిక్తుడయ్యాడు. 1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి విశ్వవిద్యాలయ పట్టభద్రులు ముప్పై మందికి మించి లేరు. కాంగో గురువులు మాత్రం వందలలో ఉన్నారు. వలస పాలన మిగిల్చిపోయిన ఈ తారతమ్యం చర్చికి గర్వకారణమా, కాంగోకు దౌర్భాగ్యమా అన్నది వేరే ప్రశ్న. రెండూ కావచ్చును.

ఇక ఈ లెక్కలోని చిక్కు. పోపు ఫ్రాన్సిస్ 2023 జనవరి 31న కిన్‌షాసా చేరేనాటికి చర్చి చెప్పిన అంకె 5 కోట్ల 20 లక్షలు, అనగా జనాభాలో 49.6 శాతం. మరునాడు ఎన్‌డోలో విమానాశ్రయంలో జరిగిన పూజకు పది లక్షల మందికి పైగా వచ్చారు. కాని 2013-14లో ఇంటింటికీ తిరిగి జరిపిన ఆరోగ్య సర్వేలో తాము కతోలికులమని చెప్పినవారు 29.7 శాతమే. ప్రొటెస్టెంటులు 26.8 శాతం. ఇతర క్రైస్తవులు 37.2 శాతం!

సగమెక్కడ, మూడింట ఒక వంతైనా లేని ఈ లెక్క ఎక్కడ? సర్వే వయోజనులను అడిగినది. చర్చి పసిపిల్లలను కూడా కలిపినది. చర్చి శాతాన్ని తీసినది జనగణన లేని జనాభా అంచనా మీద. అన్నిటికంటె ముఖ్యమైన కారణం మరొకటి. పుస్తకంలో పేరెక్కించే విధానం ఉన్నది గాని, వెళ్ళిపోయినవాని పేరు కొట్టివేసే ఆచారం లేదు. కతోలిక బడిలో చదివి, కతోలికునిగా పెండ్లాడి, ఆదివారం మాత్రం పక్కవీధిలోని ఉజ్జీవ సంఘంలో స్వస్థత ప్రార్థనకు పోయే మనిషిని ఏ పద్దులో వ్రాయవలెను? సర్వే ఆయన నోటిమాట వింటుంది, విచారణ ఆయన తల్లిదండ్రుల మాట గుర్తుంచుకుంటుంది. రెండూ అబద్ధం కావు. అయితే ఉజ్జీవ సంఘాల వైపు నగరాలు ఎంతగా మొగ్గినవో చర్చి అంకె చెప్పదు. సంఖ్య పెరుగుతూనే వాటా తగ్గడం సాధ్యమే.

గురువులు చాలని లోటును మలులా ముందే పసిగట్టాడు. 1975 నుండి కిన్‌షాసాలో బకంబి అనే పేరుతో గృహస్థులకే విచారణల నిర్వహణ అప్పగించాడు. ఇరుగుపొరుగు కుటుంబాలను చిన్న సమూహాలుగా కూర్చే పద్ధతి 1961 నుండే ఉన్నది. ఈ యంత్రాంగం ఏమి చేయగలదో 2018 డిసెంబరు 30 నాటి ఎన్నికలలో తేటపడినది. బిషప్పుల మండలి సుమారు 40,000 మంది పరిశీలకులను దేశమంతటా నిలిపినది. ఎన్నికల సంఘం ప్రకటించిన ఫలితం తమ సమాచారంతో సరిపోలుట లేదని 2019 జనవరిలో బిషప్పులు చెప్పారు. ఆ ప్రకటన ఫలితాన్ని మార్చలేదు. అయినా ప్రభుత్వ లెక్కకు ఎదురుగా తమ లెక్క ఉన్నదని చెప్పగల మరొక సంస్థ ఆ దేశంలో కనిపించుట కష్టమే.

తూర్పున పుస్తకాల పరిస్థితి వేరు. 2025 జనవరిలో గోమా, ఫిబ్రవరిలో బుకావు తిరుగుబాటుదారుల చేతిలో పడినవి. అదే ఏడాది జూలైలో ఇతూరి ప్రాంతపు కొమాండా విచారణలో జాగరణ ప్రార్థనకు వచ్చినవారిపై సాయుధులు దాడి చేయగా దాదాపు 40 మంది మరణించారు. విచారణలో మృతుల పుస్తకమూ ఉంటుంది. కాని అందులోకి ఎక్కేవి తెలిసిన మరణాలే. అడవిలో చనిపోయినవారి పేర్లు దానికి చేరవు. పారిపోయిన కుటుంబంలోని యువతి మరొక ఊరి చర్చిలో పెండ్లి చేసుకుంటే, ఆ సంగతిని ఆమె జ్ఞానస్నానం పొందిన విచారణకు వ్రాసి పంపవలెనని నియమం. ఖాళీ అయిన విచారణలో ఆ ఉత్తరం అందుకొనేవారు లేరు.