మెట్ల కింద నెమలికంఠం

పోయిన ఏడాది ఇల్లు బాగు చేయించినప్పుడు, మెట్ల కింద సామాన్లు పడేసే చోటును చుట్టాల కోసం చిన్న బాత్రూమ్‌గా మార్చాం. స్నానానికి కాదు. కమోడ్, వాష్‌బేసిన్, ఒక అద్దం, అంతే. పట్నాల్లో పౌడర్ రూమ్ అంటున్నారే, అది. 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు.

టైల్స్ దగ్గర గొడవ మొదలైంది. "తెలుపు వేసేద్దాం. చిన్న గదికి ముదురు రంగైతే ఇంకా ఇరుగ్గా కనిపిస్తుంది" అన్నారు మా ఆయన. మేస్త్రీదీ అదే మాట. నాకు మాత్రం నెమలికంఠం రంగు కావాలి. మా అత్తమ్మ నవ్వి, "దొడ్డికి పొయ్యే తావుకి సోకేందిమ్మా?" అన్నారు.

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఆమె ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఇంట్లో మరుగుదొడ్డి లేదు. తెల్లారకముందు ఒకసారి చెరువుకట్ట వైపు వెళ్లాలి, మళ్లీ చీకటి పడేదాకా ఆగాలి. మే నెల ఎండల్లో దాహమేసినా నీళ్లు తాగేవారు కాదట. ఊరి కోసం చెరువుకట్టకు బలైన ముసలమ్మ కథ మా బుక్కరాయసముద్రందే. 1899లో కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యంగా రాశారు, నేను బీఏలో చదువుకున్నాను. అదే కట్ట పక్కన చీకటి కోసం ఎదురుచూసిన ఆడవాళ్ల గురించి మాత్రం ఇంట్లో కూడా ఎవరం మాట్లాడుకోం.

ఇంత ఆలస్యంగా ఇంట్లోకి వచ్చిన గదిని ఇంకా ముఖం చాటేసుకున్నట్టు ఎందుకు ఉంచాలి? హాలుకు రంగులు, పూజగదికి తోరణాలు, దీనికి మాత్రం మిగిలిపోయిన టైల్సా? నా మట్టుకు, ఇంట్లో ధైర్యంగా రంగు వేయదగ్గ గది ఇదే. ఇందులో గంటలు గంటలు కూర్చోం కాబట్టి ముదురు రంగు మొహం మొత్తదు. స్నానం ఉండదు, ఆవిరి ఉండదు, గోడ రంగు పెచ్చులూడదు. ఖర్చూ తక్కువే. 4 అడుగుల ఎత్తు దాకా టైల్స్ వేసినా, తలుపు పోను 65 చదరపు అడుగులు దాటలేదు.

అయితే మన నీళ్లను మరిచిపోకూడదు. బోరు నీళ్ల ఉప్పు ముదురు రంగు మీద తెల్లగా చారలు కడుతుంది. అందుకే కొళాయి వెనక రెండడుగులు గోధుమరంగు టైల్స్ వేయించాను. నున్నటి నల్ల కడప బండ కూడా వద్దనుకున్నాను. అది సున్నపురాయి, మరకలు పోవాలని ఆసిడ్ పోస్తే మెరుపే పోతుంది. కింద గరుకు తాడిపత్రి బండలు పరిపించాను, కాలు జారదు. అదీ సున్నపురాయే, కాబట్టి ఆసిడ్ జోలికి పోకుండా సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడుస్తాను.

టైల్స్ పైన గోడకు కుంకుమరంగు. దాని మీద లేపాక్షి లతా మండపం స్తంభాల మీద ఉండే తీగల వంటి అంచు. పాత ఎక్స్‌రే షీటు కత్తిరించి నేనే వేశాను. నిమ్మలకుంట తోలుబొమ్మ ఒకటి తగిలించాలనుకున్నాను కానీ, తోలుకు తడి పడదు. అది హాల్లోనే ఉంది.

"నీళ్లకే కరువైన చోట ఈ సింగారాలా?" అని మా ఆడబిడ్డ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకే ముందు 3 లీటర్లు, 6 లీటర్లు అని రెండు మీటలున్న ఫ్లష్, గాలికి ఫ్యాను, లోపల గట్టి గొళ్లెం పెట్టించాం. ఆ తర్వాతే రంగు. ఈ వరస తప్పితే ఎంత అందం చేసినా దండగే. ఇవన్నీ ఉన్నాక కూడా రంగు వద్దనడం మాత్రం పొదుపు కాదు, పాత సిగ్గు.

ఇప్పుడు అత్తమ్మే ఇంటికొచ్చిన వాళ్లకు తలుపు తీసి చూపిస్తున్నారు. "ధర్మవరం చీర అంచు మాదిరి లేదూ?" అంటారు. మోకాళ్ల నొప్పులతో పెరట్లోకి వెళ్లే పని తప్పింది. ఈ మధ్య ఇంకోటి గమనించాను. రాత్రి పడుకునే ముందు చెంబుడు నీళ్లు తాగుతున్నారు.