పైపు తుడిస్తే పెదవి శుభ్రపడదు

మా పాలకుర్తిలో చుట్ట మాని పైపు పట్టిన పెద్దమనిషి ఒకరున్నారు. విదేశంలోని కుమారుడు తెచ్చిన బ్రయర్ పైపు. మధ్యధరా ప్రాంతపు పొద వేరుదుంపతో చేస్తారు; నిప్పుసెగకు తట్టుకుంటుంది. రోజూ నూలు చుట్టిన తీగను స్పిరిటులో ముంచి గొట్టంలో దూర్చి, నల్లని జిగురు బయటికి లాగి, "చూశారా డాక్టరు గారూ, ఎంత శుభ్రంగా ఉంచుతానో!" అంటారు.

ఆ జిగురులో ఉన్నది తారు. గొట్టానికి అంటుకున్నది అది; అంటుకోనిది ఎక్కడికి పోయినట్టు? నాలుకను, గొంతును తుడిచే తీగ ఏ దుకాణంలోనూ దొరకదు. తుడిస్తే పాతకంపు, చేదు పోతాయి, నిజమే. నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ పోవు. పొగ కమ్మగా ఉందని మరో రెండు దమ్ములు ఎక్కువ లాగుతారు, అంతే.

పొగ లోపలికి పీల్చనని ఆయన మరో వాదన. పైపు తాగేవారిలో పెదవి క్యాన్సరు ఎక్కువని జర్మన్ వైద్యుడు సోమరింగ్ 1795లోనే రాశాడు. 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ఆ సంబంధాన్ని ధ్రువపరచింది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే స్త్రీల అంగిళ్లు చూసిన వైద్యులకు ఈ వాదన వినే ఓపిక ఉండదు.

ఆయన కింది పెదవిపై, సరిగ్గా పైపు ఆనేచోట, తెల్లమచ్చ ఉంది. గీకినా పోదు. నొప్పి లేదు గనుక వరంగల్ వెళ్లి ముక్క పరీక్ష చేయించుకోరట. ఈ ఆదివారం మళ్లీ వారింటికి వెళుతున్నాను. మానదలచినవారికి ఉచిత ఫోను 1800-11-2356.