ఉంగరంలో బుజుర్గు, ఖిస్సా ఎక్కడ?



ఈసారి రాజకీయాలు కాదు, ఒక ఆట గురించి. నవ్వకండి. నలభై దాటిన జర్నలిస్టుకి వీడియో గేమ్‌తో పనేంటని మా బేగం కూడా అడిగింది.

మా బావమరిది జెద్దా నుంచి వస్తూ నా కొడుక్కి నింటెండో స్విచ్ తెచ్చాడు. దాంతోపాటు ఒక గేమ్, 'ఫైర్ ఎంబ్లెమ్ ఎంగేజ్'. జపాన్ వాళ్ళది, 2023 జనవరిలో వచ్చింది. దసరా సెలవులకు సారపాకలో అత్తగారింటికి పోతే వాడు దాన్ని వదలనే లేదు. "బంద్ చెయ్‌రా" అని అరిచి అరిచి అలసిపోయి, ఒకరోజు నేనే పక్కన కూర్చున్నాను.

కూర్చున్నాక తెలిసింది, ఇది మన షత్రంజ్‌కి మనవడు. అవే గళ్ళు. ఒకసారి మన వంతు, ఒకసారి దుష్మన్ వంతు. షత్రంజ్‌లో ప్యాదాకి పేరుండదు. ఇక్కడ ప్రతి మోహ్రాకీ పేరుంది, ఊరుంది, దోస్తులున్నారు, భయాలున్నాయి. లడాయి చేసేకొద్దీ హునర్ పెరుగుతుంది. ఇలాంటివాటిని టాక్టికల్ రోల్ ప్లేయింగ్ గేములంటారు. 1990లో మొదలైన ఈ ఫైర్ ఎంబ్లెమ్ సిల్సిలాకి ఒక ఖాసియత్ ఉంది. మన ఎత్తు తప్పై ఎవరైనా చనిపోతే ఇక తిరిగి రారు. ఒక్కో అడుగూ సోచ్ సమఝ్‌కర్ వెయ్యాలి. పిల్లలకి సబర్ నేర్పే ఆట ఇదే కదా అని నాకు ముచ్చటేసింది.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఎంగేజ్‌లో లడాయి బాగుంది. కత్తి గొడ్డలిని ఓడిస్తుంది, గొడ్డలి బల్లాన్ని, బల్లెం కత్తిని. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆలోచిస్తుంటే గంటలు తెలియవు. నన్ను మాయూస్ చేసింది ఆట కాదు, ఖిస్సా.

ఖిస్సా ఏంటంటే, వెయ్యేళ్ళు నిద్రపోయి, యాద్‌దాష్త్ పోగొట్టుకుని లేచిన ఒక హీరో పన్నెండు ఉంగరాలు వెతుక్కుంటూ పోతాడు. ఒక్కో ఉంగరంలో పాత ఫైర్ ఎంబ్లెమ్ ఆటల్లోని ఒక్కో బహాదుర్ రూహ్ ఉంటుంది. ఉంగరం తొడిగితే ఆ బహాదుర్ తాఖత్ మనకొస్తుంది. వినడానికి ఎంత బాగుంది! బుజుర్గుల విరాసత్ మన చేతిలో.

కానీ వాళ్ళు ఎవరు? ఆట సరిగా చెప్పదు. సీగుర్డ్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన అసలు కథ 1996 నాటి ఆటలో ఉంది. వెతికి చదివాను. జంగ్ గెలిచి రాజధానికొస్తే, ఇస్తిఖ్బాల్ పేరుతో పిలిచి, దగా చేసి, మంటల్లో చంపేస్తారు. యాద్‌దాష్త్ పోయిన సొంత భార్య, దగా చేసినవాడి పక్కన పరాయిదానిలా నిలబడి ఉంటుంది. చదువుతుంటే గుండె పిండేసినట్టయింది. మరి ఎంగేజ్‌లో ఆయన పని? ఉంగరంతో ఏకమైతే ఐదు గళ్ళు ఎక్కువ నడవొచ్చు. ఆయన పాత మైదానంలో ఒక లడాయి, నాలుగు మాటలు ఉన్నాయి. అంతే. చిన్నాచితకా పాత్రల పేర్లనైతే చీట్లు తీసినట్టు తీసి ఉంగరాలు చేసుకోవచ్చు.

"సీగుర్డ్ ఎవర్రా?" అని నా కొడుకుని అడిగాను.

"ఘోడా మీదుంటాడు అబ్బా. దూరం పోవచ్చు."

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. మా ఇంట్లో నేను చేసిందీ ఇదే కదా. వాడికి పేర్లిచ్చాను, ఖిస్సాలివ్వలేదు. కులీ కుతుబ్ షా, తానీషా, నిజాం, టిప్పు సుల్తాన్ అంటూ ఉంగరాల్లా వాడి వేళ్ళకు తొడిగాను. "మన తారీఖ్ గొప్పదిరా" అన్నాను. ఎందుకు గొప్పదో కూర్చోబెట్టి చెప్పలేదు. పోయినేడాది బడిలో ఒక పిల్లాడు వాణ్ణి తమాషాకి "రజాకార్" అన్నాడట. వీడు జవాబు తెలియక ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. వేళ్ళనిండా ఉంగరాలున్నాయి, ఒక్కటీ పనిచెయ్యలేదు.

సెలవులయ్యాక ఖమ్మం బస్సెక్కాం. దారిలో చార్జింగ్ అయిపోయి స్విచ్ ఆగింది. బస్సు పాల్వంచలో ఆగినప్పుడు మొదలుపెట్టాను. "ఈ పాల్వంచ పరగణాకే కంచర్ల గోపన్న తహసీల్దారు, బేటా. సర్కారు ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని గోల్కొండలో ఖైద్ చేశారు. ఖైద్ చేసిన పాదుషా తానీషా. రాముడూ లక్ష్మణుడూ మారువేషంలో వచ్చి బాకీ కట్టారనీ, తానీషా రామదాసుని వదిలేశాడనీ మన ఊళ్ళ ఖిస్సా. నవమికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపే రివాజు ఆయనతోనే మొదలైందంటారు. ఆ తానీషాని 1687లో ఔరంగజేబ్ ఓడించి దౌలతాబాద్ ఖిలాలో బంధించాడు. ముసల్మాన్ పాదుషాని ముసల్మాన్ పాదుషాయే."

వాడు కిటికీలోంచి చూడటం మానేసి నా వైపు తిరిగాడు.

కొత్తగూడెం దాటాక షోయబుల్లా ఖాన్ గురించి చెప్పాను. మన పక్కనున్న మహబూబాబాద్ వైపు పుట్టినవాడు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ అఖ్బార్ నడిపాడు. రజాకార్ల జుల్మ్‌కి ఖిలాఫ్ రాశాడు, హైదరాబాద్ హిందుస్తాన్‌లో కలవాలన్నాడు. 1948 ఆగస్టులో రాత్రిపూట ఇంటికి పోతుంటే దాడి చేసి చంపారు. రాసిన చెయ్యి నరికేశారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

కాసేపు వాడేం మాట్లాడలేదు. తర్వాత, "ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదు అబ్బా?" అన్నాడు.

జవాబు నా దగ్గర లేదు. ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను, రోజూ లోకానికి ఖబర్లు రాస్తాను. నా ఇంటి పిల్లాడికి ఈ ఖబర్ ఇవ్వలేదు.

భాయియో, బెహనో, ఈ ఆట హరామా హలాలా అన్న బహస్ ఉలమాకి వదిలేస్తున్నాను. నా గిలా వేరు. బుజుర్గుల తాఖత్ ఇచ్చి వాళ్ళ తక్లీఫ్ దాచిన ఖిస్సా అధూరా ఖిస్సా. ఓడిపోయిన రోజుతో సహా చెబితేనే పిల్లలకది గుర్తుంటుంది, అడిగినవాడికి జవాబుగా పనికొస్తుంది. గేమ్ కంపెనీ చెప్పకపోతే ఒక ఆట పాడవుతుంది. మనం చెప్పకపోతే మన పిల్లల తారీఖ్‌ని ఇంకెవరో వాళ్ళకి నచ్చినట్టు చెబుతారు.

స్విచ్ లాక్కోకండి. ఇషా తర్వాత పావుగంట పక్కన కూర్చోండి. వాడి ఆటలో ఖిస్సా అడగండి, మీ దాదా నానాల ఖిస్సా ఒకటి చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడదే నడుస్తోంది. నిన్న రాత్రి వాడే అడిగాడు: "అబ్బా, దౌలతాబాద్‌లో తానీషా ఏమయ్యాడు?"

అల్లాహ్ మన పిల్లల ఇల్మ్‌లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.