బీదరులో చదివితే పరాయివారా?

జహీరాబాదుకు బీదరు సుమారు 30 కిలోమీటర్లు. 1956 వరకు మన తాలూకా బీదరు జిల్లాలోనిదే. రాష్ట్రాల పునర్విభజన గీత గీసినా మన వియ్యాలు, వ్యాపారాలు ఆ గీతను ఏనాడూ లెక్కచేయలేదు. నీట్ శిక్షణలో అక్కడి షాహీన్ విద్యాసంస్థలు పేరుగాంచాక, చదువులూ అటే సాగాయి. పదవ తరగతి వరకు ఇక్కడే చదివి, పీయూసీకి బీదరు వెళ్లిన బిడ్డ వైద్యవిద్య ప్రవేశాల నాటికి సొంత రాష్ట్రంలోనే స్థానికేతరురాలవుతున్నది.

2024 జూలై నాటి 33వ నంబరు జీవో ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లూ వరుసగా తెలంగాణలో చదివినవారికే 85 శాతం స్థానిక కోటా. శాశ్వత నివాసులకు ఈ షరతు వర్తించదని ఆ సెప్టెంబరులో హైకోర్టు అన్నది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి ప్రభుత్వాన్ని సమర్థించింది. బీసీ-ఈ వర్గానికి దక్కే 4 శాతంలో అధికభాగం ఆ 85లోనే ఉన్నది. పోనీ, కర్ణాటక ఆదరిస్తుందా? అక్కడి కోటాకు సాధారణంగా 7 ఏళ్ల చదువు చూపాలి. రెంటికీ చెడ్డ రేవడి! మిగిలేది ఏటా పది లక్షలు దాటే యాజమాన్య సీటు.

నిబంధన మూలంలో న్యాయం లేదనలేము. ఇక్కడి పల్లె బడిలో చదివిన పిల్లల సీట్లు, ఎక్కడో పెరిగి వచ్చిన సంపన్నుల పాలు కారాదు. అయితే మినహాయింపులు ఎవరికిచ్చారో చూడండి: బయట పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల, అఖిల భారత సర్వీసు అధికారుల, సైనికుల, బదిలీ ఉద్యోగుల సంతానానికి. అధికారి బదిలీ అయితే అది అనివార్యమట. లారీ డ్రైవరు తన కూతురిని చేరువలోని మంచి కళాశాలకు పంపితే అది ఇష్టపూర్వక వలసట! రేషన్ కార్డు, ఓటు, పదేళ్ల బడి రికార్డు అన్నీ తెలంగాణవే అయినప్పుడు, 30 కిలోమీటర్ల ప్రయాణం ఆమెను ఏ విధంగా పరాయిదాన్ని చేసింది?

ఉద్యోగుల కోసం నియమాలను సవరించగలిగిన ప్రభుత్వం, సరిహద్దు మండలాల నివాసుల కోసమూ సవరించగలదు. ఒకటి నుంచి పది వరకు ఇక్కడ చదివి, తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడిన విద్యార్థులను స్థానికులుగా గుర్తించాలి. ఈ కోరికను మన శాసనసభ్యుని ముందు, ఆరోగ్య మంత్రి ముందు లిఖితపూర్వకంగా పెట్టాలి. అది నెరవేరేలోగా, పదవ తరగతి ఫలితాలకు ముందే ప్రతి జుమా నాడూ మసీదు కమిటీలు ఈ నాలుగేళ్ల షరతును తల్లిదండ్రులకు వివరించాలి. బీదరులో ఫీజు కట్టిన తరువాత తెలిస్తే ప్రయోజనం లేదు.