ఛత్ తాళం, అమ్మీ మిర్చీ

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఎలాన్ వచ్చింది. ఇకమీదట ఛత్ మీద మిరపకాయలు, వడియాలు, పచ్చళ్లు ఎండబెట్టడం మనా. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, వాటర్ ట్యాంకు పనికి తప్ప ఇవ్వడు. పేరు రాయలేదు గానీ కసూర్‌వార్ ఎవరో బిల్డింగ్ మొత్తానికీ తెలుసు. నేనే.

మా ఫ్లాట్ శంషాబాద్‌లో. బాల్కనీలో పదకొండు కుండీల్లో మిర్చీ మొక్కలున్నాయి, అమ్మీ పెంచినవి. డెబ్బై దాటింది, మోకాళ్లు సహకరించవు, మెట్లెక్కలేదు. పండిన కాయల్ని పైకి తీసుకెళ్లి ఎండబెట్టడం ఈసారి నా జిమ్మా అయింది. ఎండాక అక్కడే హమామ్‌దస్తాలో దంచాను. గాలి ఉన్న రోజు. ఆ ఘాటు మెట్ల దారిలో కిందికి దిగింది. మూడో అంతస్తులో ఆయాసం ఉన్న చిన్నపిల్ల ఒకటుంది. గంటసేపు దగ్గిందట. ఆ పిల్ల వాళ్ల నాన్న ముందు నేను నిజంగానే షర్మిందా అయ్యాను. తప్పు నాది, మాఫీ అడిగాను.

కానీ దంచడం వేరు, ఎండబెట్టడం వేరు. ఎండబెట్టిన మిరపకాయ ఎవరినీ దగ్గించదు. నేను చేసిన తప్పుకు ఛత్ మొత్తానికి తాళం వేయడం ఇన్సాఫ్ కాదు. ఈ మాట నా ఒక్కడి కోసం అనడం లేదు.

2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలైంది. ఎయిర్‌పోర్టు దాదాపు 5,500 ఎకరాల్లో ఉంది. దాని చుట్టూ వెంచర్లు, గోదాములు, హోటళ్లు, ఆ తర్వాత మాలాంటి వాళ్ల ఫ్లాట్లు. జొన్న, కూరగాయలు పండిన నేల మీద ఇవాళ మనకు మిగిలిన జమీన్ అంటే బాల్కనీలో కుండీ, నెత్తి మీద ఛత్. అంతే. ఆ ఛత్‌కీ తాళం పడితే ఎక్కడికి పోవాలి? కిరాణా దుకాణంలో విడిగా అమ్మే ఎర్రటి పొడి దగ్గరికి.

నా అసలు షికాయత్ అక్కడే. గోష్త్ కొనేటప్పుడు మనం ఎన్ని సవాళ్లు అడుగుతాం! జబహ్ ఎవరు చేశారు, బిస్మిల్లా అన్నాడా, దుకాణం ఎవరిది. అదే గోష్త్‌లో నాలుగు చెంచాలు వేసే మిర్చీ పొడి గురించి ఒక్క సవాలూ వేయం. ఖుర్ఆన్‌లో తినే తిండి గురించి చెప్పిన చోట హలాల్ పక్కనే తయ్యిబ్ అనే లఫ్జ్ కూడా ఉంది. పాక్‌గా, సాఫ్‌గా, మంచిగా ఉన్నది అని. మనం మొదటి లఫ్జ్ పట్టుకుని రెండోది వదిలేశాం. జుమా బయాన్‌లో మిలావట్ గురించి నేను విన్నది చాలా తక్కువ.

మిర్చీలో మిలావట్ చిన్న విషయం కాదు. 2003లో యూరప్‌లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చీలో సుడాన్ అనే రంగు బయటపడింది. నూనెలకు, మైనాలకు వేసే రంగు అది, తినడానికి కాదు. క్యాన్సర్ భయంతో యూరోపియన్ యూనియన్ ఆ ఏడాదే ఆంక్షలు పెట్టింది. 2005లో బ్రిటన్‌లో అలాంటి మిర్చీ కలిసిన వందల రకాల సరుకుల్ని దుకాణాల నుంచి వాపస్ తీసుకున్నారు. వాళ్లు పంపిన సరుకు వాళ్లకే తిరిగి వచ్చింది. మన వంటింట్లోకి వచ్చింది ఎవరికి వాపస్ చేస్తాం?

గ్లాసెడు నీళ్ల మీద చిటికెడు పొడి చల్లి చూడమంటారు. రంగు గీతలు గీతలుగా వెంటనే కిందికి దిగితే శక్ పడాలి. అడుగున చేరినది వేళ్లకు గరగరలాడితే ఇటుక పొడి కావచ్చు. ఇంట్లో చేసుకోండి, మంచిదే. కానీ సుడాన్ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ ఇమ్తిహాన్‌లో అది పాసైపోతుంది. అందుకే కాయ కళ్లతో చూసి కొనడం, లేదా పండించుకోవడం మేలంటాను. సాలన్ సుర్ఖ్‌గా రావాలన్న షౌక్ ఉన్నవాళ్లకు వరంగల్ చపాటా మిర్చీ ఉంది, గుండ్రంగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కారానికి తేజ, రంగుకి చపాటా. రెండూ కలిపి గిర్నీలో పట్టిస్తే ఏ రంగు డబ్బాతోనూ పని లేదు.

ఇంట్లో చేసినదంతా తయ్యిబ్ అని కూడా కాదు. సరిగ్గా ఎండని కాయలో బూజు పడుతుంది, దాని నుంచి అఫ్లాటాక్సిన్ అనే జహర్ పుడుతుంది. కంటికి కనబడదు, వంట మంటకూ పోదు. అమ్మీకి ఆ పేరు తెలియదు, పద్ధతి తెలుసు. చెట్టు మీదే పూర్తిగా పండి కాస్త ముడత పడ్డాకే కోయాలి. కడిగితే గుడ్డతో తుడిచి నీడలో ఆరనిచ్చాకే ఎండలో పెట్టాలి. నేల మీద కాదు, చాదర్ మీద, ఒకదానిపై ఒకటి పడకుండా. పైన పాత దోమతెర కప్పాలి, శంషాబాద్‌లో లారీల గర్ద్ తక్కువా? మగ్రిబ్ లోపు ఇంట్లోకి తెచ్చేయాలి, రాత్రి మంచు తాగితే పొద్దంతా ఎండినది బేకార్. ఆరేడు రోజులకు చెవి దగ్గర ఊపి చూస్తుంది. లోపల గింజలు గలగలమనాలి, విరిస్తే పటుక్కుమనాలి. వంగితే ఇంకో రోజు. నాలుగు కిలోల పండు మిర్చీ ఎండితే కిలో అటూ ఇటూ.

పైన పొడిగా ఉండి లోపల చెమ్మ ఉండటం అన్నప్పుడల్లా నాకు ఒక హదీస్ యాదికొస్తుంది. రసూలుల్లాహ్ (స) బజారులో ధాన్యం రాశిలో చేయి పెట్టారు. లోపల తడి తగిలింది. వాన పడిందండీ అన్నాడు అమ్మేవాడు. మరి ఆ తడిసినది జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. దగా చేసేవాడు నావాడు కాడని చెప్పారు. సహీహ్ ముస్లింలో ఉంది. మన మదర్సాల్లో పిల్లలకు నేర్పేదే. తూకం పెరగడానికి తడి మిర్చీ కలిపే బేపారీల్లో ఆ హదీస్ చదివినవాళ్లూ ఉండొచ్చు.

ఇక ఇంకో మాట. ఇది భాయిలు చదవాలి.

దంచిన రోజు అసర్ అజాన్ అయింది. సబ్బుతో చేతులు కడిగానన్న ధీమాతో వుజూ మొదలుపెట్టాను. ముక్కులోకి నీళ్లు ఎక్కించిన మొదటిసారికే అల్లా యాదికొచ్చాడు. తర్వాత ముఖం కడిగాను, కళ్లు పోయాయనుకున్నా. బేగం పరుగెత్తుకొచ్చింది. అమ్మీ మాత్రం మంచం మీద నుంచి కదలకుండా నవ్వింది. "ముందు నూనె రాసుకోవాలి బేటా, తర్వాత సబ్బు. మీ అబ్బా నలభై ఏళ్లు ఈ మిర్చీ తిన్నారు గానీ ఒక్కనాడూ దంచలేదు. నువ్వు దంచినవు, చాలు."

మిర్చీ మంట నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. ఆ మంట గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. ఇవి నేను చదివి తెలుసుకున్నాను, అమ్మీ చేతులతో తెలుసుకుంది. "ఇంటి మసాలాలో బర్కత్" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ బర్కత్ కోసం రాత్రంతా మండిన చేతులు ఎవరివో అడగం. ఇంటి మిర్చీ కావాలంటే మగవాళ్లు దంచాలి, లేదా కాయలు మోసుకుని గిర్నీకి వెళ్లాలి. లేకపోతే ఆ షౌక్ మానుకోవాలి.

షాబాన్ మొదలైంది. ఈ కొన్నేళ్లుగా రంజాన్ సరిగ్గా మిర్చీ సీజన్లో పడుతోంది, రోజాలకు ముందే డబ్బాలు నిండాలని అమ్మీ తొందర. ఒక డబ్బా జిద్దాలో ఉన్న తమ్ముడికి. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు పది నిమిషాలే, వాడు వచ్చి వెళ్లేది మాత్రం రెండేళ్లకోసారి. చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య మూడు కవర్లు చుట్టి పెడుతుంది. అక్కడ సూపర్ మార్కెట్లో దొరకదా అంటే జవాబు చెప్పదు.

వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది. ఛత్ పొద్దున నుంచి మగ్రిబ్ వరకు తెరవాలి, తూర్పు మూల ఎండబెట్టుకునే వాళ్లకు వదలాలి, దంచడం మాత్రం పూర్తిగా మనా, గిర్నీకే పోవాలి. ఇదీ నా దర్ఖాస్త్. మూడో అంతస్తు ఆయన సంతకం అందరికంటే ముందు పెట్టాడు. వాళ్ల అత్తగారు వడియాలు పెట్టాలట.